నాన్నకి ఈఎస్‌డీ (పొట్ట కొయ్యకుండా ఎండోస్కోపీ పైపుతోనే తొలిదశ కడుపు క్యాన్సర్ తియ్యడం) చేయించిన ఆస్పత్రి: 5కి మూడున్నర స్టార్లు, ఎందుకో చెప్తా

ముందే చెప్పేస్తున్నా, ఆస్పత్రి పేరు రాయట్లేదు. హైదరాబాద్‌లోనే, పేరున్నదే, కానీ వాళ్ళ మీద మేం ఇచ్చిన ఒక కంప్లైంట్ ఇంకా నడుస్తోంది, అది తేలేదాకా పేరు పెట్టి పొగడటం గానీ తిట్టడం గానీ న్యాయం కాదనిపించింది. మరి ఎందుకు రాస్తున్నానంటే, అప్పట్లో నేను రాత్రి ఒంటిగంటదాకా కూర్చుని "కడుపు క్యాన్సర్ ఎండోస్కోపీతో తీస్తారా" అని తెలుగులో వెతికితే అనుభవించిన మనిషి రాసింది ఒక్కటీ దొరకలేదు. అన్నీ ఆస్పత్రుల ప్రకటనలే, వాటిల్లో అందరూ నవ్వుతూనే ఉంటారు.

నాన్నకి 67. నరసరావుపేట డిపోలో కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ముప్పై ఏళ్ళు బస్సులో వేళాపాళా లేకుండా తిన్నందుకే తనకి గ్యాస్ అని ఆయన గట్టి నమ్మకం, చొక్కా జేబులో చిల్లరతో పాటు జెలూసిల్ బిళ్ళలు ఉండాల్సిందే, అవి పని చెయ్యకపోతే మెడికల్ షాపు అబ్బాయిచ్చే పాంటాప్. ఎండోస్కోపీ అంటే "పైపు మింగటమా, నా వల్ల కాదు" అని ఐదేళ్ళు తప్పించుకున్నారు. చివరికి రక్తం తక్కువగా ఉందని తేలి, ఎందుకు తగ్గుతోందో చూద్దామని గుంటూరులో చేయిస్తే కడుపు కింది భాగంలో చిన్న ఎర్రటి మచ్చ, మధ్యలో కొంచెం లోపలికి నొక్కినట్టు. నాకు ఆ ఫోటో పది సార్లు చూసినా ఏమీ కనపడలేదు. ఆ డాక్టరుగారికి కనపడింది, ముక్క తీసి పంపారు, క్యాన్సర్ అని వచ్చింది. ఈ మొత్తం కథలో నేను మొదట దణ్ణం పెట్టాల్సింది ఆయనకే, ఎందుకంటే ఇంత తొలి దశలో ఉన్నది చాలామందికి ఏ బాధా పెట్టదట, నాన్న గ్యాస్‌కీ ఈ మచ్చకీ సంబంధం ఉందో లేదో కూడా చెప్పలేం అన్నారు. ఇంకో మాట కూడా చెప్పారు, ఇలా ఏళ్ళ తరబడి గ్యాస్ బిళ్ళలు మింగుతూ ఉంటే ఒక్కోసారి మచ్చ మీద పుండు పైపైన మానినట్టయి, లోపల ఉన్నది దాక్కుంటుందట. జెలూసిల్ వాడే పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఇది గుర్తుపెట్టుకోండి.

అక్కడే ఒక సర్జన్‌కి చూపించాం. స్కాన్‌లో ఎక్కడా పాకినట్టు లేదు, తొలిదశే, సగానికి పైగా కడుపూ చుట్టూ ఉన్న లింఫు గడ్డలూ (క్యాన్సర్ పాకితే ముందు చేరే చిన్న గ్రంథులు) తీసేస్తే సరిపోతుంది, ల్యాప్రోస్కోపీలో, అంటే చిన్న రంధ్రాలతో చేద్దాం అన్నారు. ఆయన తప్పు చెప్పలేదు, తర్వాత తెలుసుకున్నదాన్ని బట్టి అది కూడా సరైన వైద్యమే, తొలి దశలో ఆపరేషన్ అయినవాళ్ళలో నూటికి తొంభై మందికి పైగా ఐదేళ్ళు దాటి బాగానే ఉంటారు. కానీ ఆటోలో నాన్న "సగం కడుపుతో ఏం తింటానమ్మాయ్" అన్న మాటకి నా దగ్గర జవాబు లేదు.

జవాబు వచ్చింది కొరియా నుంచి. మా పిన్ని కొడుకు అక్కడ ఉద్యోగం చేస్తాడు, ఫోన్లో విషయం చెప్తే "అక్కా, మా ఇంటి ఓనరుకి ఇదే వస్తే పైపుతోనే చెక్కేశారు, వారం తిరక్కుండా మార్కెట్‌కి వెళ్ళాడు" అన్నాడు. ఆ దేశంలో నలభై దాటిన ప్రతి మనిషినీ రెండేళ్ళకోసారి కడుపు పరీక్షకి ప్రభుత్వమే పిలుస్తుందట, జపాన్‌లోనూ యాభై దాటితే అదే పద్ధతి, అందుకే వాళ్ళకి మచ్చలు మచ్చల్లా ఉన్నప్పుడే దొరుకుతాయి. మన దగ్గర అట్లాంటిది ఏమీ లేదు, వాంతులు మొదలయ్యాక, మనిషి సగమయ్యాక వెళ్తాం. ఈ ఈఎస్‌డీ అనే పద్ధతి కూడా జపాన్‌దే, పూర్తి పేరు ఎండోస్కోపిక్ సబ్‌మ్యూకోసల్ డిసెక్షన్, 1990ల చివర్లో టోక్యోలోని నేషనల్ క్యాన్సర్ సెంటర్ వాళ్ళు కొసన చిన్న పింగాణీ గుండు ఉన్న కత్తి తయారుచేశారు, గుండు ఉండటం వల్ల కత్తి మొన కడుపు గోడలోకి దిగబడదు, అక్కణ్ణుంచి ఇది ఊపందుకుంది.

సరే, హైదరాబాద్. మా ఇంటాయన ఆఫీసులో ఎవరో చెబితే ఈ ఆస్పత్రికి వెళ్ళాం.

రిసెప్షన్ గురించి ఎక్కువ రాయను, హోటల్లా ఉంది, టోకెన్ తీసుకున్నాక రెండున్నర గంటలు కూర్చోబెట్టారు, బిల్లింగ్ కౌంటర్ దగ్గర తెలుగు వచ్చిన మనిషి ఒక్కడే. ఒక స్టార్‌లో సగం అక్కడే పోయింది.

డాక్టర్ గదిలోకి వెళ్ళాక మాత్రం సీన్ మారింది. ఆయన గుంటూరు రిపోర్టు చూసి వెంటనే "చేసేద్దాం" అనలేదు, అదే నాకు నచ్చింది. ముందు నేను మళ్ళీ చూడాలి అన్నారు. మర్నాడు ఇంకో ఎండోస్కోపీ, ఇది మామూలుది కాదు, కడుపులో నురగ పోవడానికి ఏదో మందు తాగించి, నీలం ఆకుపచ్చ కలిసినట్టుండే వెలుతురులో, రక్తనాళాల అల్లిక కూడా కనపడేంత పెద్దది చేసి చూశారు, తర్వాత నీలిమందు లాంటి రంగు చల్లారు. రంగు చల్లాక ఆ మచ్చ అంచు నాకు కూడా కనపడింది, ముగ్గులో గీత చెరిగినట్టు. ముప్పావుగంట పట్టింది. ఒకటిన్నర సెంటీమీటర్లు.

తర్వాత ఫైల్ వెనకాల పెన్నుతో బొమ్మ గీసి చెప్పారు. కడుపు గోడ పొరలు పొరలుగా ఉంటుంది, క్యాన్సర్ పై పొరలోనే ఉందా, దాని కింద మెత్తటి పొరలోకి దిగిందా, అదే అసలు ప్రశ్న. పై పొర దాకే ఉంటే లింఫు గడ్డల్లోకి పాకే అవకాశం నూటికి రెండో మూడో, కింది పొరలోకి దిగితే అది ఇరవై దగ్గరకి వెళ్తుంది. పైపుతో మచ్చని తియ్యగలం గానీ గడ్డల్ని తియ్యలేం కదా, కాబట్టి గడ్డలకి పాకే అవకాశం దాదాపు లేదు అనుకున్నవాళ్ళకే ఈ పద్ధతి. కణాల రకం మంచిదైతే, పుండు లేకపోతే, మచ్చ ఎంత పెద్దదైనా పర్లేదు, పుండు ఉంటే మూడు సెంటీమీటర్ల లోపు ఉండాలి, కణాల రకం చెడ్డదైతే రెండు సెంటీమీటర్ల లోపు, పుండు లేకుండా ఉండాలి. ఈ లెక్క దాటితే సర్జన్ దగ్గరకే వెళ్ళమని నేనే చెప్తాను అన్నారు. నాన్నది మొదటి రకం.

"మరి లోతు ఇప్పుడే తెలీదా సార్" అని అడిగా. చూపుని బట్టి అంచనా వెయ్యగలంగానీ పక్కాగా తెలిసేది తీసిన ముక్కని కోసి మైక్రోస్కోప్ కింద చూశాకే, అందులో లోతు ఎక్కువుందని తేలితే మళ్ళీ ఆపరేషన్ చేయించుకోవాల్సిందే, ఇవాళే ఇంటికెళ్ళి ఆ సంగతి కూడా మాట్లాడుకుని రండి అన్నారు. ఈ మాట ముందే చెప్పని చోట చేయించుకోవద్దని నేను మా చుట్టాలందరికీ చెప్తున్నా.

ఇక ఇన్సూరెన్స్. కంపెనీ పేరు అనవసరం. క్యాష్‌లెస్‌కి పెడితే "ఎండోస్కోపీకి అడ్మిషన్ ఎందుకు" అని తిప్పి పంపారు. క్యాన్సర్ అని బయాప్సీ కాగితం పక్కనే ఉంది బాబూ చదవండి అంటే చదివే నాథుడు లేడు. డాక్టరుగారు లెటర్ రాసిచ్చాక, నేను రెండు రోజులు ఫోన్ మీద అరిచాక ఒప్పుకున్నారు. మీరెవరైనా వెళ్తుంటే ఆ లెటర్ ముందే రాయించుకోండి, అందులో ఇది పరీక్ష కాదు, చికిత్స అని స్పష్టంగా ఉండాలి.

ప్రొసీజర్ రోజు. పూర్తి మత్తు ఇచ్చారు. రెండు గంటల పది నిమిషాలు. లోపల ఏం చేశారో తర్వాత వీడియో ముక్క చూపించారు, నేను కళ్ళు మూసుకుంటాననుకున్నా గానీ చూస్తూ ఉండిపోయా. మచ్చ చుట్టూ కొంచెం దూరంగా చిన్న చిన్న చుక్కలు కాల్చి గుర్తు పెట్టారు. సూదితో పై పొర కింద రంగు కలిపిన మందు ఎక్కించారు, అది పూరీ పొంగినట్టు పొంగింది. ఆ పూరీ పైపొర మాత్రం చుట్టూ కోసి, తర్వాత కింద నుంచి కొంచెం కొంచెం విడదీసుకుంటూ వెళ్ళారు, రక్తం వచ్చినచోటల్లా ఆగి మాడ్చి మళ్ళీ ముందుకి. అంతా ఒకే ముక్కగా రావాలట, ముక్కలు ముక్కలుగా వస్తే అంచుల్లో మిగిలిందో లేదో తెలీదు. బయటికి పిలిచి చూపించారు, తీసిన ముక్కని చిన్న అట్ట మీద పరిచి చుట్టూ గుండుసూదులు గుచ్చారు, మూడున్నర సెంటీమీటర్లు ఉంటుంది, మధ్యలో ఆ మచ్చ. అమ్మ చూసి "ఇంత దానికా ఇంత రాద్ధాంతం" అంది.

చిల్లు పడే ప్రమాదం నూటికి రెండు మూడు, తర్వాత రక్తం కారే ప్రమాదం నూటికి ఐదు అటూ ఇటూ అని సంతకం పెట్టించుకునేటప్పుడే చెప్పారు. మేం ఆ ఐదులో పడ్డాం.

మూడో రోజు డిశ్చార్జి, నాలుగో రోజు రాత్రి పదకొండింటికి నాన్న బాత్రూం నుంచి వచ్చి తారులా నల్లగా వెళ్ళిందన్నారు. డిశ్చార్జి కాగితం మీద ఎర్ర అక్షరాలతో "ఇలా అయితే వెంటనే ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి" అని ఉంది. చేశాం. ఏడు సార్లు చేశాం. మోగి మోగి ఆగిపోయింది. నిజాంపేటలో మా ఇంటి నుంచి ఆ టైంలో నాన్నని కార్లో వేసుకుని వెళ్తుంటే నాకు వచ్చిన తిట్లన్నీ తిట్టుకున్నా. మా కంప్లైంట్ దీని మీదే, నంబరు ఇచ్చి ఎత్తకపోవడం అంటే ఇవ్వకపోవడం కంటే అన్యాయం, ఇవ్వకపోతే ముందే బయల్దేరేవాళ్ళం కదా. ఎమర్జెన్సీలో మాత్రం గంట లోపే పైపు వేసి, కారుతున్న చిన్న రక్తనాళాన్ని పట్టుకుని మాడ్చి ఆపేశారు, రక్తం ఎక్కించాల్సిన అవసరం రాలేదు.

ఇక్కడ మా తప్పు కూడా రాయాలి. అడ్మిషన్‌లో నర్సు "రక్తం పల్చబడే మందులేమైనా వాడుతున్నారా" అని మూడు సార్లు అడిగింది, నాన్న లేదు లేదు లేదు. ఎమర్జెన్సీలో చొక్కా విప్పుతుంటే జేబులోంచి ఎకోస్ప్రిన్ అట్ట పడింది. అది రక్తం పల్చబడే మందని ఆయనకి తెలీదు, ఎప్పుడో ఒక డాక్టర్ రాసిన "గుండె బిళ్ళ" అని రోజూ వేసుకుంటున్నారు, ప్రొసీజర్ ముందూ వేసుకున్నారు, ఇంటికొచ్చాకా వేసుకున్నారు. మీ పెద్దవాళ్ళని "ఏం మందులు వాడతారు" అని అడక్కండి, జేబులూ డబ్బాలూ వెతికి తీసుకెళ్ళి డాక్టరు బల్ల మీద పొయ్యండి.

తిండి గురించి. డైటీషియన్ ఇచ్చిన కాగితం మొత్తం ఇంగ్లీషు, అందులో ఓట్సు, సూపు, టోస్టు. నరసరావుపేట మనిషికి టోస్టు! అమ్మ ఆ కాగితం మడిచి బ్యాగులో పెట్టేసి రెండు రోజులు పల్చటి జావ, తర్వాత మెత్తటి అన్నంలో పెసరపప్పు కట్టు, ఆ తర్వాత ఇడ్లీ అని తన లెక్కలో తను నడిపించింది, డాక్టరుగారికి చెప్తే అదే సరైనదమ్మా అన్నారు. తీసినచోట లోపల పుండు ఉంటుంది, అది మానడానికి రెండు నెలలు పడుతుంది, అన్నాళ్ళూ యాసిడ్ తగ్గించే బిళ్ళ మానకూడదు. కారం సంగతి అడిగితే కొన్నాళ్ళు ఆపండి చాలన్నారు, ఉప్పు విషయంలో మాత్రం గట్టిగా చెప్పారు, ఉప్పులో ఊరినవి ఎక్కువ తినేవాళ్ళలో కడుపు క్యాన్సర్ ఎక్కువని. నాన్న మొహం ఆ రోజు ఆవకాయ జాడీ పగిలినట్టే ఉంది.

రిపోర్టు ఐదు రోజుల్లో అన్నారు, తొమ్మిదో రోజుకి వచ్చింది. ఆ నాలుగు రోజులు ఎలా గడిచాయో రాయను. కానీ వచ్చాక డాక్టరుగారు ఒక్కో లైనూ వేలు పెట్టి చదివి చెప్పారు: ముక్కని రెండేసి మిల్లీమీటర్ల చొప్పున ముక్కలు కోసి చూశారు, పై పొర దాటలేదు, చుట్టూ అంచుల్లో లేదు, అడుగున లేదు, రక్తనాళాల్లోకీ లింఫు నాళాల్లోకీ వెళ్ళలేదు, పుండు లేదు. ఇక ఆపరేషన్ అక్కర్లేదు అన్నారు. ఇలా ముక్కని కోసి చూసే పాథాలజీ వాళ్ళని మనం ఎవ్వరం చూడం, వాళ్ళ పేరు కూడా కింద సంతకంలోనే ఉంటుంది, కానీ నా దృష్టిలో ఆ ఆస్పత్రిలో బెస్ట్ డిపార్ట్‌మెంట్ అదే, కత్తి పట్టినాయన ఎంత బాగా చేసినా నాన్నకి కడుపు మిగిలిందా లేదా అని తేల్చింది ఆ రెండు పేజీలే.

ఎందుకంత గట్టిగా చెప్తున్నానంటే పక్క బెడ్ పెద్దాయన వల్ల. వరంగల్ దగ్గర ఊరు, నాన్న కంటే రెండు రోజుల ముందు అదే డాక్టరు దగ్గర అదే చేయించుకున్నారు, రిపోర్టు కోసం మాతో పాటే వచ్చారు. ఆయనకి కింది పొరలోకి దిగింది, అంతకంటే లోతైతే ఆపరేషనే అనే అర మిల్లీమీటరు గీత దాటింది, నాళాల్లో కూడా కనపడింది. "మల్ల కోస్తరట బిడ్డా. గిదేదో ముందుగాలనే కోస్తె ఒడిసిపోవు గద" అన్నారు నాతో. నాకూ అదే అనిపించి డాక్టర్ని అడిగేశా, మన కేసు కాకపోయినా. తీసి చూడకుండా ఆ అర మిల్లీమీటరు తెలీదు, ఇది చేసినందువల్ల తర్వాత ఆపరేషన్‌కి చెడేదేమీ లేదు, ఇలా రెండోసారి ఆపరేషన్ అయినవాళ్ళలో పదిమందికి తొమ్మిదిమందికి గడ్డల్లో ఏమీ దొరకదు గానీ ఆ పదో మనిషి ఎవరో ముందు తెలీదు కదా అన్నారు.

ఆయనకి అక్కడే ల్యాప్రోస్కోపీలో చేశారు, కడుపు కింది భాగం తీసి మిగిలినదాన్ని పేగుకి కలిపారు. ఇట్లా కడుపు కోసి క్యాన్సర్ తీసి మనిషిని బతికించడం మొదటిసారి జరిగింది 1881లోనట, వియన్నాలో బిల్‌రోత్ అనే సర్జన్, ఇప్పటికీ ఆ అతుకుకి ఆయన పేరే. ఈ ఆపరేషన్‌కి ల్యాప్రోస్కోపీ వచ్చింది 1991లో. తొలి దశ వాళ్ళకి పొట్ట నిలువుగా కోసినా, చిన్న రంధ్రాలతో చేసినా బతికే లెక్క ఒకటే అని కొరియాలో 1,400 మందికి పైగా మీద చేసిన పరిశోధనలో తేలిందట, ఆ మాట చెప్తేనే పెద్దాయన కొడుకు ఒప్పుకున్నాడు. నాలుగు నెలల తర్వాత ఓపీలో కలిశారు, ఎనిమిది కిలోలు తగ్గారు, గడ్డలన్నీ క్లీన్. రోజుకి ఆరుసార్లు కొంచెం కొంచెం తింటున్నారట, బెల్లం చాయ్ ఒక గ్లాసు తాగితే పది నిమిషాల్లో చెమటలు, గుండె దడ, పడుకోవాల్సిందేనట, తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే అలా అవుతుందని చెప్పారు. బీ12 చూసుకుంటూ ఉండమన్నారు. మనిషి మాత్రం హుషారుగానే ఉన్నారు, నాన్నతో "నీది సగం పని, నాది పూర పని" అని జోకులు.

నాన్నకి అసలు మూలం హెచ్.పైలోరీ అనే బ్యాక్టీరియా అన్నారు. ఇద్దరు ఆస్ట్రేలియా డాక్టర్లు కనిపెట్టారు, అందులో ఒకాయన నిరూపించడానికి తనే దాన్ని తాగేశాడు, 2005లో ఇద్దరికీ నోబెల్. దాన్ని చంపకపోతే మిగిలిన కడుపులో ఇంకోచోట కొత్త మచ్చ రావచ్చు, చంపితే ఆ ప్రమాదం సగం దాకా తగ్గుతుంది. 14 రోజుల కోర్సు, రోజుకి గుప్పెడు బిళ్ళలు, నోరంతా ఇనుము నాకినట్టుందని రోజూ గొడవ. ఇందులో ఒక కామెడీ: మూడో రోజు మళ్ళీ నల్లగా వెళ్ళింది, మళ్ళీ కారు, మళ్ళీ ఎమర్జెన్సీ, తీరా చూస్తే ఆ కోర్సులో ఉండే బిస్మత్ వల్ల అలా అవుతుందట. ఫార్మసీలో బిళ్ళలు ఇచ్చేటప్పుడు ఆ ఒక్క ముక్క చెప్పుంటే మాకు రెండువేల కన్సల్టేషన్ మిగిలేది.

ఖర్చు: ప్యాకేజీ లక్షా అరవైవేలు అన్నారు, రక్తం కారినప్పటిది కలిపి రెండు లక్షలు దాటింది, ఇన్సూరెన్స్ పోను మా చేతిది నలభైవేలు. డాక్టరుకీ పాథాలజీకీ ఎమర్జెన్సీకీ 5కి 5. నర్సులకి నాలుగున్నర. ఫోన్ నంబరుకి సున్నా. కౌంటరుకి రెండు. అన్నీ కలిపితే మూడున్నర కంటే ఎక్కువ ఇవ్వబుద్ధి కాలేదు, అయినా రేపు మా ఇంట్లో ఎవరికైనా వస్తే మళ్ళీ అక్కడికే వెళ్తాం, ఇది ఎలా అర్థం చేసుకుంటారో మీ ఇష్టం.

మూడో నెల ఎండోస్కోపీలో పుండు మాని తెల్లటి గీత మిగిలింది. ఇక నుంచి ఏడాదికోసారి తప్పనిసరి. నాన్న ఈమధ్య పైపుకి అలవాటు పడ్డారు, మత్తు వద్దు స్ప్రే చాలు అంటున్నారు. వచ్చే నెల అపాయింట్‌మెంట్, పొద్దున ఏడున్నరది తీసుకున్నా, ఎనిమిది దాటితే ఆ సెల్లార్‌లో పార్కింగ్ దొరకదు.